కచేరీకి వెళ్లొచ్చిన సంగతి జర్మన్‌లో చెప్పడం: తెలుగులోంచి నేర్చుకున్న నా అనుభవం

జర్మన్ నేర్పే సంస్థ గోథే ఇన్‌స్టిట్యూట్ పెట్టే బీ1 (మధ్య స్థాయి) పరీక్షలో రాత విభాగానికి 60 నిమిషాలు, మూడు ప్రశ్నలు. మొదటిది స్నేహితులకు రాసే ఉత్తరం, సుమారు 80 పదాలు. అందులో తరచూ వచ్చేది జరిగిపోయిన సంగతే. ఒక వేడుకకు వెళ్లొచ్చారు, ఎలా జరిగిందో రాయండి, ఏది నచ్చిందో ఎందుకు నచ్చిందో చెప్పండి, మళ్లీ ఎప్పుడు కలుద్దామో అడగండి అంటారు. బయట మాట్లాడేటప్పుడూ అంతే. పరిచయమైన జర్మన్ మనిషి సోమవారం పొద్దున అడిగే మొదటి మాట, శని ఆదివారాలు ఎలా గడిచాయని. అందుకే కచేరీ, నాటకం, సినిమా, పెళ్లిలో పాటల కార్యక్రమం వంటివి జర్మన్ భూతకాలం నేర్చుకోవడానికి మంచి చోటు.

విజయవాడలో నాతో పాటు నేర్చుకున్నవాళ్లలో నర్సింగ్ చదివినవాళ్లు, ఎమ్మెస్‌కు వెళ్లే ఇంజినీరింగ్ పిల్లలు ఎక్కువ. పాఠం అంతా ఇంగ్లిష్‌లోనే సాగేది. ఏ1 (మొదటి స్థాయి) దాటి భూతకాలానికి వచ్చేసరికి నా వాక్యాలు ముందుకు కదల్లేదు. తప్పులన్నీ ఒక నోటుబుక్కులో వరసగా రాసి చూస్తే సగానికి పైగా జర్మన్ కష్టం వల్ల వచ్చినవి కావు. మనసులో ముందు ఇంగ్లిష్ వాక్యం కట్టి, దాన్ని జర్మన్‌లోకి మార్చడం వల్ల వచ్చినవి. తెలుగు వాక్యం నుంచి నేరుగా వెళ్లడం మొదలుపెట్టాక, రోజుకు 40 నిమిషాల చొప్పున 6 వారాల్లో, ఒక కచేరీ గురించి రెండు నిమిషాలు తడుముకోకుండా చెప్పగలిగాను. ఆ దారి ఇది.

ముందు పలుకు గురించి రెండు ముక్కలు, ఎందుకంటే జర్మన్ మాటలన్నీ తెలుగు లిపిలోనే రాస్తున్నాను. 'నేను' అనడానికి 'ఇశ్'. ఆ శ శివుడి శ, షష్ఠి ష కాదు. గొంతు గీరుకునే హల్లుకు 'ఖ' రాశాను. గుంటూరు, బెజవాడల్లో ఉర్దూ మాట్లాడేవాళ్లు 'ఖబర్' అన్నప్పుడు వినపడేదే. వేదికను 'బ్యూనె' అని రాస్తున్నాను గానీ అక్కడ ఉన్నది 'యూ' కాదు. నోట్లో 'ఈ' అంటూ పెదాలు మాత్రం 'ఊ' కి చుట్టాలి. మాట చివర వచ్చే బ, డ, గ లు ప, ట, క లు అయిపోతాయి. సాయంత్రం 'ఆబెంట్', శనివారం 'జమ్‌స్టాక్', పాటల బ్యాండు 'బెంట్'.

మొదట పట్టుకోవాల్సిన క్రియ 'వార్'. క్లాసుల్లో వెళ్లడం అనే క్రియ ముందు నేర్పుతారు, 'ఇశ్ బిన్ ఇన్స్ కొన్‌ట్సెర్ట్ గెగంగెన్' అని. అది తప్పు కాదు. కానీ మనం ఇంట్లో ఎలా అంటాం? 'నిన్న కచేరీకి వెళ్లొచ్చాను' అంటాం. వెళ్లడం, అక్కడ ఉండడం, తిరిగి రావడం మూడూ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. దానికి జర్మన్‌లో సరిగ్గా కుదిరేది 'ఇశ్ వార్ గెస్టర్న్ ఔఫ్ ఐనెమ్ కొన్‌ట్సెర్ట్'. ఇలా మాట్లాడేటప్పుడు కూడా పొట్టి (ఒకే మాట) భూతకాలంలోనే వాడుకునేవి ఆరు చాలు: వార్ (ఉంది, ఉన్నాను), హటె (నా దగ్గర ఉండేది), ఎస్ గాప్ (ఫలానాది ఉండింది), కొన్టె (చేయగలిగాను), ముస్టె (చేయాల్సి వచ్చింది), వోల్టె (చేయాలనుకున్నాను). 'కొన్టె' పలకడానికి మన కొంటె పిల్లాడి 'కొంటె' చాలు. మిగతా క్రియలన్నిటికీ రెండు ముక్కల భూతకాలం: 'హాబె', 'బిన్' లాంటి చిన్న క్రియ ఒక ముక్క, చివర వచ్చే 'గెగంగెన్' లాంటిది రెండో ముక్క.

'ఔఫ్ ఐనెమ్' దగ్గర ఒక మెలిక ఉంది. కచేరీ, ఉత్సవం, పార్టీ, పెళ్లి అయితే 'ఔఫ్'. సినిమా హాలు, నాటకశాల, ఒపెరా అయితే 'ఇన్': ఇమ్ కీనో, ఇమ్ తెయాటర్, ఇన్ డేర్ ఓపర్. శాస్త్రీయ సంగీతానికి వెళ్లేటప్పుడు 'ఇన్స్ కొన్‌ట్సెర్ట్' అనీ అంటారు. విభక్తి మార్పు తెలుగులో మనకు తెలిసిందే: 'కచేరీకి వెళ్లాను' అన్నప్పుడు 'ఔఫ్ ఐన్ కొన్‌ట్సెర్ట్', 'కచేరీలో ఉన్నాను' అన్నప్పుడు 'ఔఫ్ ఐనెమ్ కొన్‌ట్సెర్ట్'. చోటుకు కి ఉంటే ఐన్, లో ఉంటే ఐనెమ్.

అయితే ఆ కి, కు మనుషులకు తగిలినప్పుడు సంగతి వేరు, అక్కడే తెలుగువాళ్లకు పెద్ద లాభం ఉంది. 'నాకు కచేరీ నచ్చింది' అనే వాక్యంలో కర్త నేను కాదు, కచేరీ. నేను 'నాకు' అయ్యాను. జర్మన్‌లోనూ అచ్చం అంతే: 'డస్ కొన్‌ట్సెర్ట్ హట్ మీర్ గూట్ గెఫలెన్'. మీర్ అంటే నాకు. ఇంగ్లిష్ మీదుగా వెళ్లేవాళ్లు 'ఇశ్ హాబె గెఫలెన్' అని మొదలుపెట్టి ఇరుక్కుంటారు. 'నేను నచ్చాను' అన్నట్టు వస్తుంది. తెలుగులోంచి వెళ్తే ఈ తప్పు పుట్టనే పుట్టదు.

ఇదే కుటుంబంలోవి ఇంకొన్ని, కచేరీ కబుర్లలో రోజూ వచ్చేవే. నాకు చలేసింది: మీర్ వార్ కల్ట్. నాకు బోరు కొట్టింది: మీర్ వార్ లంగ్‌వైలిశ్. నాకు ఉక్కపోసింది: మీర్ వార్ హైస్. చివరిదాన్ని 'ఇశ్ వార్ హైస్' అంటే అర్థం పూర్తిగా వేరే దారికి పోతుంది, కొత్తవాళ్ల ముందు అనకూడని మాట అవుతుంది. మే నెల బెజవాడలో ఆరుబయట జరిగిన కార్యక్రమం గురించి చెప్పాలంటే ఈ 'మీర్' నోటికి రావాల్సిందే. నిలబడి నిలబడి కాళ్లు నొప్పెట్టాయి అనడానికి: మీర్ హాబెన్ డీ ఫ్యూసె వేగెటాన్.

వాక్యం వరస దగ్గరా తెలుగు తోడు నిలుస్తుంది. 'నేను నిన్న మా చెల్లితో కళాక్షేత్రంలో కచేరీ విన్నాను.' జర్మన్: 'ఇశ్ హాబె గెస్టర్న్ మిట్ మైనర్ ష్వెస్టర్ ఇమ్ కళాక్షేత్రం ఐన్ కొన్‌ట్సెర్ట్ గెహోర్ట్'. ఎప్పుడు, ఎవరితో, ఎక్కడ, ఏమిటి, చివర క్రియ. తెలుగు వరస ఎక్కడా చెదరలేదు. మధ్యలో కొత్తగా దూరింది 'హాబె' ఒక్కటే, దాని చోటు ఎప్పుడూ రెండోది. నేను చేసిన అభ్యాసం ఏమిటంటే, పాత పెళ్లి శుభలేఖలను రెండు వేళ్ల వెడల్పు ముక్కలుగా కత్తిరించి, ఒక్కో ముక్క మీద ఒక్కో పదబంధం రాసుకున్నాను. హాబె, హట్, బిన్, ఇస్ట్ ముక్కలకు మాత్రం ఎర్ర స్కెచ్ పెన్. వాటిని బల్ల మీద వరసగా పేర్చి, మొదటి ముక్క మారుస్తూ పోవాలి. 'గెస్టర్న్' ముందుకు వస్తే 'ఇశ్' ముక్క ఎర్ర ముక్క తర్వాతికి పోతుంది: గెస్టర్న్ హాబె ఇశ్... ఎర్ర ముక్క మాత్రం రెండో చోటు నుంచి కదలదు. అందరూ చేసే తప్పు 'డన్' దగ్గర వస్తుంది. 'తర్వాత ఆవిడ త్యాగరాజ కీర్తన పాడారు' అనబోయి 'డన్ డీ జెంగెరిన్ హట్' అంటారు. డన్ ఒకటో ముక్క కనుక రెండోది హట్ కావాలి: 'డన్ హట్ డీ జెంగెరిన్ ఐన్ లీట్ ఫొన్ త్యాగరాజ గెజుంగెన్'. చేత్తో ముక్క జరిపితే ఈ తప్పు వారంలో పోయింది. నియమం కంఠస్థం పట్టిన నెల రోజుల్లో పోలేదు.

'వైల్' (ఎందుకంటే) వచ్చిందంటే ఎర్ర ముక్క కూడా చివరికే వెళ్తుంది. 'హాలు నిండిపోయింది కాబట్టి లోపలికి వెళ్లలేకపోయాం' అనాలంటే: వీర్ కొన్టెన్ నిశ్ట్ హినైన్‌గేఎన్, వైల్ డేర్ జాల్ ఫొల్ వార్. 'డేర్ జాల్ ఫొల్ వార్' అంటే మాటకు మాట 'హాలు నిండా ఉంది'. ఇంగ్లిష్‌లో ఆలోచించేవారికి ఇది తలకిందుల వాక్యం, మనకు తిన్నని వాక్యం.

హాబెన్ వాడాలా, జైన్ వాడాలా (అంటే హట్ పెట్టాలా, ఇస్ట్ పెట్టాలా) అన్నది తెలుగులోంచి రాదు, దాన్ని విడిగా కూర్చుని నేర్వాలి. చోటు మారినా, స్థితి మారినా జైన్. మిగతావాటికి హాబెన్ అనేది పుస్తకంలో ఉండే నియమం. మొత్తం భాషకు పట్టికలు కంఠస్థం చేయకుండా, కచేరీ కబుర్లకు కావలసిన జైన్ క్రియలు ఏరితే నాకు తొమ్మిదే తేలాయి: వెళ్లడం (గెగంగెన్), రావడం (గెకొమెన్), బండిలో వెళ్లడం (గెఫారెన్), వేదికెక్కి ప్రదర్శన ఇవ్వడం (ఔఫ్‌గెట్రేటెన్), ఉండిపోవడం (గెబ్లీబెన్), లేచి నిలబడడం (ఔఫ్‌గెష్టండెన్), నిద్రపోవడం (ఐన్‌గెష్లాఫెన్), ఏదైనా సంభవించడం (పసీర్ట్), కార్యక్రమం రద్దయిపోవడం (ఔస్‌గెఫలెన్). ఈ తొమ్మిదీ గోడకు అంటించి, మిగతా దేనికైనా కళ్లు మూసుకుని హాబెన్ వాడాను. ఈ ఒక్క విషయం మీద తప్పులు దాదాపు ఆగిపోయాయి. నిలబడడం అనే క్రియకు ఉత్తర జర్మనీలో హాబెన్, దక్షిణ జర్మనీలో, ఆస్ట్రియాలో జైన్ వినిపిస్తుంది. వియన్నా మనిషి 'ఇశ్ బిన్ గెష్టండెన్' అంటే దాన్ని దిద్దబోవద్దు.

క్రియ ముందు 'గె' తగిలించడంలో మూడు రకాల పొరపాట్లు వస్తాయి. విడిపోయే క్రియల్లో గె మధ్యలో దూరుతుంది: అన్‌గెఫంగెన్ (మొదలైంది), ష్టట్‌గెఫుండెన్ (జరిగింది), మిట్‌గెజుంగెన్ (గొంతు కలిపి పాడాం). బె, ఫెర్, గె తో మొదలయ్యేవాటికి అసలు గె అక్కర్లేదు: బెజూఖ్ట్ (చూడ్డానికి వెళ్లాను), ఫెర్‌పస్ట్ (తప్పిపోయింది), బెకొమెన్ (దొరికింది). 'ఈరెన్' తో ముగిసేవాటికీ అక్కర్లేదు: ఫొటొగ్రఫీర్ట్. వీటిలో బెకొమెన్ దగ్గర జాగ్రత్త. చెవికి ఇంగ్లిష్‌లో 'అవడం' లాగా తగులుతుంది, అర్థం మాత్రం దొరకడం. 'వీర్ హాబెన్ కైనె కార్టెన్ మేర్ బెకొమెన్' అంటే మాకు ఇక టికెట్లు దొరకలేదని.

ఎంతసేపు జరిగిందో చెప్పడానికి ఏ విభక్తీ అక్కర్లేదు. కచేరీ రెండు గంటలు సాగింది: డస్ కొన్‌ట్సెర్ట్ హట్ ట్స్వై ష్టుండెన్ గెడౌఎర్ట్. ఇంగ్లిష్ అలవాటుతో ముందు 'ఫ్యూర్' తగిలిస్తే తప్పు. వాయిద్యానికీ అంతే. వయొలిన్ వాయించారు అనడానికి 'హట్ గైగె గెష్పీల్ట్', గైగె ముందు ఏమీ పెట్టకూడదు.

గడియారం దగ్గర మాత్రం తెలుగు మనల్ని మోసం చేస్తుంది, అందుకే దీని మీద ఎక్కువ సమయం పెట్టాను. మనం ఏడు దాటి అరగంటైతే ఏడున్నర అంటాం. జర్మన్‌లో ఎనిమిది వైపు సగం వచ్చింది అంటారు: హల్ప్ అఖ్ట్, మాటకు మాట 'సగం ఎనిమిది'. అది విని ఎనిమిదిన్నర అనుకుంటే గంట ఆలస్యంగా వెళ్తాం, ఏడున్నర అనుకుని 'హల్ప్ జీబెన్' అంటే అవతలివాళ్లు ఆరున్నరకే వచ్చి నిలబడతారు. నేను పట్టుకున్న కిటుకు: తెలుగు అంకెకు ఒకటి కలిపి హల్ప్ పెట్టాలి. ఆరున్నర హల్ప్ జీబెన్, ఏడున్నర హల్ప్ అఖ్ట్, ఎనిమిదిన్నర హల్ప్ నొయిన్. పావు దగ్గర మళ్లీ ఇబ్బంది లేదు. పావు తక్కువ ఎనిమిదికి ఫిర్టెల్ ఫోర్ అఖ్ట్, ఏడుంపావుకు ఫిర్టెల్ నాఖ్ జీబెన్.

'రెండేళ్ల క్రితం' లో క్రితం వెనక వస్తుంది, జర్మన్‌లో దాని పని చేసే 'ఫోర్' ముందు వస్తుంది: ఫోర్ ట్స్వై యారెన్. పోయిన శనివారం లెట్స్‌టెన్ జమ్‌స్టాక్, పోయిన వారం లెట్స్‌టె వోఖె. సంవత్సరం ముందు ఇన్ పెట్టకూడదు. 2019 అని ఊరికే అంటే చాలు, లేదా ఇమ్ యార్ 2019. అంకెలు పలకడంలో ఒకట్ల స్థానం ముందు వస్తుంది. 83 అంటే డ్రై ఉంట్ అఖ్ట్‌సిశ్, మూడూ ఎనభై. సంవత్సరాలకు మంచి అభ్యాసం మనకు తెలిసిన కళాకారుల జీవితాలే. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించారు. దాన్ని జర్మన్‌లో చెప్పి చూడండి: నొయిన్‌ట్సేన్‌హుండర్ట్ డ్రై ఉంట్ అఖ్ట్‌సిశ్ హట్ ఎర్ ఇన్ బెర్లీన్ మండొలీనె గెష్పీల్ట్. ఎర్ వార్ డామాల్స్ ఫిర్‌ట్సేన్. డామాల్స్ అంటే అప్పటికి. పద్నాలుగేళ్ల పిల్లాడు బెర్లిన్‌లో వాయించాడన్న మాట చెప్తే ఏ జర్మన్ మనిషైనా రెండో ప్రశ్న అడుగుతాడు, అక్కడి నుంచి సంభాషణ దానంతటదే నడుస్తుంది.

ఇక అసలైన అభ్యాసానికి నేను వాడింది కచేరీ ఆహ్వాన పత్రిక. విజయవాడలో తుమ్మలపల్లి కళాక్షేత్రంలో గానీ, గుంటూరు సభల్లో గానీ శాస్త్రీయ సంగీతానికి చాలాసార్లు టికెట్ ఉండదు, ఆహ్వాన పత్రిక ఉంటుంది. దాన్ని నోటుబుక్కులో ఎడమ పేజీకి అంటించి, కుడి పేజీలో పత్రికలోని ఒక్కో పంక్తికి ఒక్కో జర్మన్ వాక్యం రాయాలి. తేదీ దగ్గర: డస్ కొన్‌ట్సెర్ట్ హట్ అమ్ జమ్‌స్టాక్ ష్టట్‌గెఫుండెన్. సాయంత్రం 6.30 దగ్గర: ఎస్ హట్ ఉమ్ హల్ప్ జీబెన్ అన్‌గెఫంగెన్. 'అందరూ ఆహ్వానితులే' దగ్గర: డేర్ ఐన్‌ట్రిట్ వార్ ఫ్రై, ప్రవేశం ఉచితం. గాత్రం దగ్గర గెజుంగెన్, వయొలిన్ దగ్గర గైగె గెష్పీల్ట్. మృదంగానికి జర్మన్ మాట వెతకొద్దు. మృదంగం అనే చెప్పి, డస్ ఇస్ట్ ఐనె ట్రొమెల్, అది ఒక డోలు అని చేర్చండి. ముఖ్య అతిథి దగ్గర: ఫోర్ డేమ్ కొన్‌ట్సెర్ట్ గాప్ ఎస్ ఫీలె రేడెన్, ముందు చాలా ప్రసంగాలు జరిగాయి. సన్మానానికి: నాఖ్ డేమ్ కొన్‌ట్సెర్ట్ గాప్ ఎస్ ఐనె ఏరుంగ్. చివర పత్రికలో లేని వాక్యం ఒకటి సొంతంగా: అమ్ బెస్టెన్ హట్ మీర్... గెఫలెన్, అన్నిటికన్నా నాకు ఫలానాది నచ్చింది. ఒక పత్రికకు ఎనిమిది వాక్యాలు, మర్నాడు కుడి పేజీ మూసేసి పత్రిక చూస్తూ పైకి చదవాలి, మూడో రోజు పత్రిక కూడా మూసేయాలి. 6 వారాల్లో పన్నెండు పత్రికలు చేశాను.

ఇక్కడే పదాల పొరపాట్లు కూడా బయటపడ్డాయి. మనం పెళ్లికీ సన్మానానికీ ఫంక్షన్ అంటాం. జర్మన్ 'ఫుంక్‌ట్సియోన్' కి ఆ అర్థం లేదు. కార్యక్రమం అంటే ఫెర్‌అన్‌ష్టల్టుంగ్, వేడుక అంటే ఫైయర్. మనం ప్రోగ్రామ్‌కు వెళ్లాం అంటాం. జర్మన్‌లో 'ప్రొగ్రామ్' ఏం పాడతారు, ఏ వరసలో పాడతారు అన్న జాబితా, దానికి వెళ్లడం ఉండదు. క్యూ అంటే ష్లంగె, అసలు అర్థం పాము, గుర్తుండిపోతుంది. ప్రధాన బ్యాండు కన్నా ముందు వాయించేది ఫోర్‌బెంట్. జనం ఇంకొకటి ఇంకొకటి అని చప్పట్లు కొడితే చివర పాడేది ట్సూగాబె. నామవాచకాలన్నిటినీ వాటి ముందు లింగాన్ని బట్టి వచ్చే డేర్, డీ, డస్ తో కలిపే నేర్చుకోవాలి, దానికి అడ్డదారి లేదు. డీ బెంట్ అంటే పాటల బృందం. డస్ బన్ట్ అంటే రిబ్బను, డేర్ బన్ట్ అంటే పుస్తక సంపుటం.

హరికథ, బుర్రకథ లాంటివి అడిగితే అనువాదం చేయబోకుండా జరిగేది చెప్పాలి. హరికథకు: ఐన్ మన్ ఎర్‌ట్సేల్ట్ ఐనె గెషిశ్‌టె ఉంట్ జింగ్‌ట్ డాట్సూ, ఒకాయన కథ చెబుతూ మధ్యమధ్య పాడతాడు. బుర్రకథ అయితే ఐన్ మన్ బదులు డ్రై లొయ్‌టె (ముగ్గురు) అని, క్రియను బహువచనం చేస్తే సరి. దాన్ని 'లౌటె' అని పలకొద్దు. లౌటె అంటే వీణలాంటి ఒక పాత వాయిద్యం అయిపోతుంది.

'అప్పుడు' అనే మాటకు జర్మన్‌లో రెండున్నాయి, అల్స్, వెన్. ఇంగ్లిష్‌లో రెండిటికీ ఒకటే మాట ఉండడంతో క్లాసులో అందరూ వెన్ వాడేస్తారు. తెలుగులో మనకు తేడా ఉంది. 'ఆవిడ వేదిక మీదికి వచ్చినప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు': ఒక్కసారి జరిగింది, అల్స్. 'ఆవిడ వచ్చినప్పుడల్లా హాలు నిండిపోయేది': ప్పుడల్లా ఉంది కాబట్టి వెన్, లేదా ఇమర్ వెన్. ప్పుడల్లా అని తెలుగులో పెట్టి చూడండి, పొసగకపోతే అల్స్.

జర్మన్ వార్తాపత్రికల్లో సంగీత సమీక్షలు చదివేటప్పుడు రెండు ముక్కల భూతకాలం తక్కువ కనిపిస్తుంది. ఫంట్ ష్టట్ (జరిగింది), బెగన్ (మొదలైంది), ష్పీల్టె (వాయించారు), జంగ్ (పాడారు), ట్రాట్ ఔఫ్ (వేదికెక్కారు) ఉంటాయి. బీ1 దాకా వీటిని గుర్తుపడితే చాలు, నోటితో వాడక్కర్లేదు. హాంబర్గ్‌లో 2017 జనవరిలో మొదలైన ఎల్ప్‌ఫిల్‌హార్మొనీ కచేరీ భవనం గురించి, బైరాయిట్‌లో 1876 నుంచి జరుగుతున్న వాగ్నర్ ఒపెరా ఉత్సవం గురించి సులువైన జర్మన్‌లో చాలా రాతలు దొరుకుతాయి. వాటిలో భూతకాలం క్రియల కింద గీతలు గీస్తూ చదవడం మంచి పని. వినడానికి జర్మనీ ప్రసార సంస్థ డాయిచె వెలె వారి 'నికోస్ వేక్' ఉచిత పాఠాలు ఏ1 నుంచి బీ1 దాకా ఉన్నాయి.

వెళ్లిన కచేరీలే కాదు, వెళ్లలేకపోయినవాటి గురించీ చెప్పాల్సి వస్తుంది. టికెట్లు అయిపోయాయి: ఎస్ వార్ ఔస్‌ఫెర్‌కౌఫ్ట్. బస్సు ఆలస్యమై మొదటి పాట తప్పిపోయింది: ఇశ్ హాబె డస్ ఎర్‌స్టె లీట్ ఫెర్‌పస్ట్. వానొచ్చి రద్దయిపోయింది: ఎస్ హట్ గెరేగ్నెట్, డెస్‌హల్ప్ ఇస్ట్ డస్ కొన్‌ట్సెర్ట్ ఔస్‌గెఫలెన్. మనం చూడలేదు గానీ చూసినవాళ్లు చెబితే విన్నామనుకోండి, తెలుగులో చివర ఒక్క 'అట' పెడతాం: కచేరీ చాలా బాగుందట. జర్మన్‌లో ఆ 'అట' పని చేసే క్రియ ఉంది, జొల్. డస్ కొన్‌ట్సెర్ట్ జొల్ జేర్ గూట్ గెవేజెన్ జైన్. ఇది బీ1 దాటాక నేర్పే వాక్యం, కానీ చిన్నప్పటి నుంచీ అట వాడుతున్నవాళ్లకు దాని అర్థం విప్పి చెప్పాల్సిన పని ఉండదు.